పక్షులు చూడ్డానికి ఏ వేళ మంచిది? ముందు ఏ పిట్టో చెప్పండి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. విజయనగరం నుంచి ఒడిశాలోని బరంపురానికి బదిలీ మీద వచ్చారు. బ్యాంకు ఉద్యోగం, ఆదివారం ఒక్కటే ఖాళీ, ఇంట్లో ఆరేళ్ల పాప. పిట్టలు చూద్దామని సరదాపడి 10×25 బైనాక్యులర్ కొన్నారు. జనవరిలో చిలికా సరస్సు ఒడ్డున ఉన్న రంభ వెళ్లి పదకొండింటికి మోటారు పడవ ఎక్కితే, దూరంగా నల్ల చుక్కలు తప్ప ఏమీ కనపడలేదు. వేలకు వేలు పక్షులుంటాయన్నవాళ్లు అబద్ధం చెప్పారా, లేక నాలుగింటికి లేచి వెళ్లాల్సిందేనా? మీరు అడిగింది ఇదీ.

చిన్న జవాబు చెప్పమంటే, పొద్దు పొడిచిన పావుగంట, అరగంట నుంచి ఓ రెండున్నర గంటల పాటు. చెట్ల మీద, పొలాల్లో తిరిగే పిట్టలకు ఇంతకంటే మంచి వేళ లేదు. కానీ మీరు చూడబోయింది బాతుల్ని. నాలుగింటికి లేచి పరిగెత్తినా మీకు ఆ నల్ల చుక్కలే కనపడేవి. ఇంకాస్త నల్లగా కనపడేవి, అంతే.

నేను రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరైనవాణ్ని. సర్వీసులో చాలా భాగం చిలికా ఒడ్డున ఉన్న చిన్న చిన్న స్టేషన్లలోనే గడిచింది. బాలుగాం, ఖల్లికోట, రంభ వైపు లైను చాలా దూరం సరస్సు పక్కనే పోతుంది. మాకు డ్యూటీలు వారం వారం మారేవి: పొద్దున ఆరు నుంచి రెండు, రెండు నుంచి రాత్రి పది, పది నుంచి తెల్లారి ఆరు. ఇంట్లోవాళ్లకు ఆ నైట్ డ్యూటీలంటే ఏడుపు. నాకు మాత్రం అవే బడి. అందరూ తమకు తీరిక ఉన్నప్పుడు పిట్టల్ని చూస్తారు, నేను తీరిక లేనప్పుడు కూడా చూశాను. గూడ్సు బండి లూప్ లైన్లో ఆగి ఉండేది, చేతిలో దీపం ఉండేది, పైన చీకట్లో బాతుల గుంపు రెక్కల చప్పుడు వినపడేది. అర్ధరాత్రి ఇవి ఎక్కడికి పోతున్నాయా అనుకునేవాణ్ని. ఆ అనుమానం దగ్గరే మీ ప్రశ్నకు సగం జవాబుంది.

సరస్సుకు చలికాలం వలస వచ్చే బాతుల్లో చాలా వాటికి పగలు నిద్ర వేళ. సూదితోక బాతు, విజన్, గాడ్వాల్ లాంటివి పగలు చాలాసేపు నీళ్ల మధ్యలో గుంపుగా చేరి, తల వెనక్కి తిప్పి రెక్కలో ముక్కు దోపుకుని తేలుతుంటాయి. పొద్దుగూకాక లేచి మేతకు పోతాయి, తెల్లారేలోపు మళ్లీ వచ్చేస్తాయి. తల మీద రెండు నల్ల గీతలుండే పెద్ద బాతు, బార్ హెడెడ్ గూస్, అదీ అంతే. రాత్రంతా గడ్డి, పైరు మేస్తుంది, పగలు కునుకు తీస్తుంది. కాబట్టి పదకొండింటికి మీరు చూసింది నైట్ డ్యూటీ దిగి పడుకున్నవాళ్లని. దాని మీద మోటారు పడవ చప్పుడు. ఆ చప్పుడు వినగానే గుంపు ఇంకాస్త దూరం జరుగుతుంది. అవి జరిగేకొద్దీ మనం పడవవాణ్ని ఇంకా దగ్గరికి పొమ్మంటాం. చివరికి మొత్తం లేచిపోతుంది. ఫొటో బాగా వస్తుంది గానీ, సైబీరియా నుంచి, మధ్య ఆసియా నుంచి ఎగిరొచ్చి అలిసి పడుకున్నదాన్ని లేపినట్టే కదా. నాకు నచ్చని పని అది.

అంటే బాతుల్ని చూడ్డానికి వేళే లేదా? ఉంది. మధ్యాహ్నం మూడు దాటాక. రెండు కారణాలు. ఒకటి, నిద్రలేచి ఒళ్లు విరుచుకుంటాయి, ఈకలు దువ్వుకుంటాయి, నీళ్లలో మునిగి లేస్తాయి. ముక్కు, రెక్క మీద పచ్చ మచ్చ, తోక అన్నీ అప్పుడే కనపడతాయి. రెండోది ఎండ ఏ వైపు ఉందన్నది. ఇది పుస్తకాల్లో ఒక్క లైనులో చెప్పి వదిలేస్తారు, నా లెక్కలో ఇదే అన్నిటికంటే ముఖ్యం.

సూర్యుడు మీ వీపు వెనకుండాలి. రంభ ఊరు సరస్సుకు నైరుతి మూల ఉంది. ఒడ్డున నిలబడితే నీళ్లు మీకు తూర్పు, ఈశాన్యం వైపు ఉంటాయి. చలికాలం పొద్దున సూర్యుడు ఆగ్నేయంలో లేస్తాడు. తూర్పుకేసి ఎటు చూసినా నీళ్ల మీద తళతళ, పిట్టలన్నీ నీడబొమ్మలు. అదే మూడింటికి సూర్యుడు మీ వెనక్కి వచ్చేస్తాడు. అప్పుడు అదే గుంపు రంగుల్లో కనపడుతుంది.

గోపాలపురం బీచ్ దగ్గర నేను నేర్చుకున్న పాఠం కూడా ఇదే. పిట్టల పిచ్చి పట్టిన మొదటి ఏడాది, మంకీ టోపీ పెట్టుకుని, ఫ్లాస్కులో టీ పోసుకుని, సూర్యోదయానికి ముందే ఇసుకలో కూర్చున్నాను. నోటుబుక్కులో గొప్పగా రాసుకున్నాను: ‘నల్లటి సముద్రపు కాకులు, సుమారు 60.’ ఎర్రటి సూర్యుడికి అడ్డంగా ఎగురుతున్నాయి, నల్లగా కాక ఇంకెలా కనపడతాయి? రెండు వారాల తర్వాత సాయంత్రం నాలుగింటికి మా అబ్బాయిని తీసుకుని వెళ్తే అవే పిట్టలు, అదే చోట, పాలలా తెల్లగా! బ్రౌన్ హెడెడ్ గల్స్ అవి. చలికాలంలో తల మీద గోధుమరంగు కూడా పోయి కంటి వెనక చిన్న చుక్క మిగులుతుంది. నల్ల కాకులని రాసిన ఆ పేజీ చింపకుండా ఉంచాను. మావాడు ఇప్పటికీ వెక్కిరిస్తాడు. మన తీరంలో సముద్రం తూర్పున ఉంది కాబట్టి, సముద్రపు పిట్టలకు సాయంత్రమే మంచిది. అరేబియా సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లు రాసిన సలహాలు ఇక్కడ తిరగేసి చదువుకోవాలి.

ఇక తెల్లవారుజాము సంగతి. అందరూ దాన్ని ఎందుకు అంత పొగుడుతారంటే, కారణం ఉంది. పూర్తిగా వెలుతురు రాకముందు పిట్టకు పురుగు కనపడదు, గింజా కనపడదు. తిండికి పనికిరాని ఆ అరగంటను అవి కూతకు వాడుకుంటాయి. గాలి ఉండదు, లారీల రొద ఉండదు, గొంతు దూరం పోతుంది. రాత్రి గడిచినా నేనింకా ఉన్నాను, ఈ చింతచెట్టు నాదే అని మగపిట్ట చాటింపు వేసుకునే వేళ అది. మా క్వార్టర్స్ దగ్గర వరస కూడా ఇంచుమించు మారేది కాదు. ఇంకా చీకటుండగానే ఏట్రింత మొదలెట్టేది. మా ఊళ్లో దాన్ని పసుల పోలిగాడంటారు. తర్వాత నలుపు తెలుపుల మ్యాగ్‌పై రాబిన్ ఈల, పొదలోంచి జెముడుకాకి ‘ఊప్ ఊప్’, ఆ తర్వాత పికిలిపిట్టలు, గోరింకలు. పిచ్చుకలు బద్ధకస్తులు, అందరూ లేచాక లేస్తాయి. ఈ కచేరీ ఫిబ్రవరి చివర నుంచి వానలు పడేదాకా జోరుగా ఉంటుంది. గూళ్లు పెట్టే కాలం కదా. డిసెంబరు, జనవరుల్లో పెద్దగా ఉండదు.

ఒక మాట గుర్తుపెట్టుకోండి. ఆ కచేరీ చెవికి, కంటికి కాదు. మసక వెలుతురులో మీరు పైకి చూసి చూసి మెడ నొప్పి తెచ్చుకోవడం తప్ప లాభం లేదు. చూపు కుదిరేది పొద్దు పొడిచాకే. రాత్రంతా ఖాళీ కడుపుతో ఉన్న పిట్ట ఆకలి మీద ఉంటుంది. ఒక చోట నిలవదు, పైకి కిందకి తిరుగుతుంది, మనల్ని కూడా అంతగా పట్టించుకోదు. తొమ్మిది దాటేసరికి కడుపు నిండి, ఎండ చురుక్కుమని, నీడలోకి పోతుంది.

పొద్దు పొడిచే టైమ్ కూడా ఏడాదంతా ఒకటి కాదు. బరంపురంలో జూన్‌లో ఐదుంపావుకే సూర్యుడు వచ్చేస్తాడు, సంక్రాంతి రోజుల్లో ఆరున్నరకు గానీ రాడు. అంటే చలికాలంలో మీరు ఆరింటికి లేచినా ఏమీ పోలేదు. నాలుగింటికి లేవాలన్న టెన్షన్ వేసవిలో పెట్టుకోవలసింది, అది కూడా ఇష్టమైతేనే.

వెలుతురుతో పాటు మీ బైనాక్యులర్ కూడా వేళను నిర్ణయిస్తుంది. 10×25 అంటే పది రెట్లు పెద్దదిగా చూపిస్తుంది, ముందున్న అద్దం 25 మిల్లీమీటర్లు. ఇరవై ఐదును పదితో భాగిస్తే రెండున్నర. మీ కంట్లో పడే వెలుగు కట్ట అంత సన్నం. మసకలో మన కంటిపాప అంతకు రెట్టింపు తెరుచుకుంటుంది, కానీ నింపడానికి అద్దం నుంచి వెలుగు రాదు. అందుకే పొద్దున్నే, సాయంత్రం చీకటి పడేటప్పుడు మీకు బొమ్మ మురికిగా కనపడుతుంది. 8×42లో ఇదే లెక్క ఐదుంపావు వస్తుంది. వెంటనే కొత్తది కొనమని చెప్పడం లేదు. మీ దగ్గరున్నదానికి పొద్దున ఏడు నుంచి పది, సాయంత్రం మూడు నుంచి నాలుగున్నర సరిగ్గా సరిపోతాయి. ఇంకో సంగతి, ఊగే పడవలో పది రెట్లు చూపించేది చేతిలో నిలవదు. ఆ రోజు మీకు చుక్కలు కనపడ్డానికి అదీ ఒక కారణమే అయ్యుంటుంది.

ఇప్పటిదాకా చెప్పింది సూర్యుడి గడియారం. ఏటి మొగల దగ్గర చంద్రుడి గడియారం నడుస్తుంది. గంజాం దగ్గర రుషికుల్య సముద్రంలో కలిసేచోట, ఇచ్ఛాపురం అవతల బాహుదా మొగ దగ్గర, ఇసుక దిబ్బల మీద ఉల్లంకి పిట్టలు, ప్లోవర్లు, టెర్న్‌లు దిగుతాయి. వీటికి పొద్దూ మాపూ ముఖ్యం కాదు, నీళ్లు ఎక్కాయా దిగాయా అన్నదే ముఖ్యం. నీళ్లు తీసినప్పుడు బురద బయటపడుతుంది. పురుగులకోసం ఆ బురదంతా చెల్లాచెదరుగా పరుచుకుంటాయి, ఎక్కడో దూరంగా, ఒక్కొక్కటిగా. పోటు వచ్చేకొద్దీ నిలబడే చోటు తగ్గి, మన వైపు జరుగుతూ జరుగుతూ చివరికి ఒకే దిబ్బ మీద ఇరుకుగా చేరతాయి. పోటు నిండడానికి ముందు రెండు గంటలు ఒకచోట కదలకుండా కూర్చుంటే చాలు, మీరు వాటి దగ్గరికి పోనక్కర్లేదు, అవే వస్తాయి.

మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. ప్రతి రోజూ సుమారు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతాయి. ఆదివారం ఒక్కటే ఖాళీ ఉన్న మీలాంటివాళ్లకు ఇందులో ఒక తమాషా ఉంది. ఏడు రోజులకు జరిగేది దాదాపు ఆరు గంటలు. అంటే ఈ ఆదివారం పొద్దున ఎనిమిదింటికి నిండు పోటుంటే, వచ్చే ఆదివారం అదే ఎనిమిదింటికి నీళ్లు పూర్తిగా తీసి ఉంటాయి. ఆ పైవారం మళ్లీ కాస్త అటూ ఇటూగా పోటు. ఒక ఆదివారం బ్రహ్మాండంగా కనపడి, తర్వాతి ఆదివారం అదే టైమ్‌కు చుట్టాల్ని వెంటబెట్టుకుని వెళ్తే పిట్టే లేకపోవడం నాకు జరిగింది. పరువు పోయిందనుకోండి. తర్వాత ఒక మత్స్యకారుడు నవ్వి, పంచాంగం చూసుకుని రావాలి బాబూ అన్నాడు. అమావాస్య, పౌర్ణమి దగ్గర పోటు పెద్దది, అష్టమి దగ్గర చిన్నది అని వాళ్లకు లెక్క నోటికి ఉంటుంది. ఇప్పుడు ఫోనులో టైడ్ టేబుల్ దొరుకుతుంది, గోపాలపురానికి చూసుకుంటే సరిపోతుంది. రంభ వైపు ఈ గొడవ లేదు, సరస్సు ఆ చివరకు ఆటుపోట్లు అంతగా తెలియవు. ఇంకో జాగ్రత్త. రుషికుల్య తీరానికి ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి గుంపులుగా వస్తాయి. ఆ రోజుల్లో అటవీశాఖవాళ్లు వద్దన్నచోటికి పోవద్దు.

తొమ్మిదయ్యాక ఇక ఇంటికి పోవడమే అని చాలామంది సర్దేసుకుంటారు. నేనైతే గద్దల కోసం అప్పుడే బయల్దేరతాను. పెద్ద రెక్కల పిట్టకు రెక్క ఆడించడం ఖర్చైన పని. నేల వేడెక్కి గాలి పైకి లేస్తే దాని మీద గొడుగులా రెక్కలు పరిచి ఊరికే తేలిపోతుంది. ఆ గాలి లేచేది తొమ్మిదిన్నర, పది నుంచి. గద్దలు, డేగలు, రాబందులు, నత్తలు తినే ఓపెన్‌బిల్ కొంగలు కూడా సున్నాలు చుడుతూ పైకి పోయేది అప్పుడే. మహారాష్ట్ర వైపు సిరొంచ నుంచి ఒకాయన కిందటి నెల ఇదే అడిగారు కాబట్టి ఆయనకూ ఇక్కడే చెప్తున్నా. మీకు మాకంటే పొద్దు ఇరవై నిమిషాలు ఆలస్యం, అంతే తేడా. ప్రాణహిత, గోదావరి కలిసే చోట ఇసుక తిన్నెల మీద పిట్టలకు ఆటుపోట్ల లెక్క అక్కర్లేదు, ఎండ ఎక్కకముందు వెళ్లండి. గడ్చిరోలి అడవుల మీద రాబందుల కోసమైతే మాత్రం పది దాటాక ఆకాశం వైపు చూడండి, చెట్ల వైపు కాదు.

కొండల్లోనూ ఇదే సంగతి, కారణం వేరు. డిసెంబరు, జనవరుల్లో కొరాపుట్, దారింగబాడి, పర్లాకిమిడి పైన మహేంద్రగిరి వైపు మంచు ఎనిమిది వరకు విడవదు. ఆ చలికి పిట్ట ఈకలు ఉబ్బించుకుని ఉండలా కూర్చుంటుంది. ఎండ మొదట ఏ కొమ్మ మీద పడుతుందో ఆ కొమ్మకు వస్తుంది. ఆ తర్వాతే అడవిలో అసలు సంబరం, కలిసిమెలిసి తిరిగే గుంపులు. రెండు వడ్రంగిపిట్టలు, నాలుగు మినివెట్లు, ఓ ఏట్రింత, ఆకుల్లో వేలెడంత వార్బ్లర్లు, పది రకాలు ఒకే జట్టుగా చెట్టు నుంచి చెట్టుకు పోతుంటాయి. ఒకటి కదిలిస్తే లేచిన పురుగు ఇంకొకదానికి పనికొస్తుంది, డేగ వస్తే ఎవరో ఒకరు అరుస్తారు. అరగంట అడవంతా నిశ్శబ్దంగా ఉండి, ఒక్కసారిగా చుట్టూ పిట్టలే. అవి దాటిపోయాక మళ్లీ నిశ్శబ్దం. కొండ మీద చలికాలంలో ఎనిమిది నుంచి పదకొండు మధ్య నడిచినవాడికే ఇది దొరుకుతుంది. పొద్దున్నే వెళ్లి మంచులో వణికి, విసుగొచ్చి ఎనిమిదికి జీపెక్కేసినవాళ్లను చాలామందిని చూశాను.

మిట్ట మధ్యాహ్నం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. వేసవిలో మాత్రం ఒక నీళ్ల గుంట పక్కన, నీడలో, కదలకుండా కూర్చుంటే పిట్టలు వరసగా నీళ్లకు వస్తాయి. పండిన మర్రిచెట్టో రావిచెట్టో కనపడితే ఇక గడియారం జేబులో పెట్టుకోండి. పచ్చపావురాలు, బార్బెట్లు, కొండ దగ్గరైతే హార్న్‌బిల్లులు, పండ్లు అయిపోయేదాకా వస్తూనే ఉంటాయి. బూరుగు, మోదుగు పూసినప్పుడూ అంతే, కాకపోతే తేనె కోసం పొద్దున్నే రద్దీ ఎక్కువ. దమ్ము చేస్తున్న పొలంలో ట్రాక్టర్ వెనక కొంగలు ఏ వేళైనా ఉంటాయి. తొలకరి వానకు ఉసిళ్లు లేచాయా, అప్పుడు టైమ్ ఏదైనా సరే చేతిలో పని వదిలేసి బయటికి పరిగెత్తండి. కాకి నుంచి గద్ద దాకా ఒకే పంక్తిలో భోజనానికి కూర్చుంటాయి. ఇక దసరాకు అందరూ వెతికే పాలపిట్ట, అది ఒడిశా రాష్ట్ర పక్షి కూడా, కరెంటు తీగ మీద పగలంతా తీరిగ్గా కూర్చునే ఉంటుంది. దానికోసం ఎవరూ నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు.

పాపను తీసుకెళ్లాలంటే సాయంత్రమే మంచిది, నా అనుభవం అది. పిల్లలకు దూరంగా కూర్చున్న ఒక చిన్న పిట్టను బైనాక్యులర్‌లో పట్టుకోవడం చేతకాదు, ఐదు నిమిషాల్లో విసుగు. అదే గూటికి చేరే గుంపులైతే ఉత్త కళ్లకే పండగ. డిసెంబరులో ఇక్కడ ఐదుంపావుకే పొద్దు గూకుతుంది. నాలుగుంబావు నుంచి ఒక పెద్ద చెరువు గట్టునో, గోరింకలు చేరే రావిచెట్టు కిందో నిలబడితే చాలు. కొంగలు వరసలు కట్టి వస్తాయి, చిలకలు అరుచుకుంటూ పోతాయి, గోరింకలు చోటు కోసం బస్సులో సీటుకు కొట్టుకున్నట్టు కొట్టుకుంటాయి. జూన్ తర్వాతైతే ఇచ్ఛాపురం పక్కన తేలుకుంచి ఊరికి వెళ్లండి. చెట్ల నిండా ఓపెన్‌బిల్ కొంగల గూళ్లు, ఇళ్ల మధ్యనే. వానలతో పాటు వచ్చి, పిల్లల్ని పెంచుకుని, చలి మొదలయ్యాక పోతాయి. ఊరివాళ్లు ఆ కొంగలు వస్తేనే పంటలు బాగుంటాయని వాటి జోలికి పోరు, మీరూ గూళ్ల కింద గట్టిగా మాట్లాడకండి. మధ్యాహ్నం మూడున్నర తర్వాత పెద్దవి మేత నుంచి తిరిగొచ్చి పిల్లలకు తినిపిస్తుంటాయి. ఆరేళ్ల పిల్లకు అంతకంటే కథ ఏం కావాలి?

చీకటి పడ్డాక కూడా పిట్టలున్నాయి. పైడికంటి అనే చిన్న గుడ్లగూబల జంట చలికాలంలో ఐదున్నరకు తొర్రలోంచి తల బయటపెడుతుంది, వీధి దీపం కింద పురుగులకు వస్తుంది. రాత్రి పిట్టల విషయంలో మన తెలుగువాళ్లకు ఒక గొప్ప ఉదాహరణ ఉంది, కడప జిల్లా కలివికోడి. 1900 తర్వాత ఎవరికీ కనపడక, అంతరించిపోయిందనే అనుకున్నారు. అది పగలు పొదల్లో దాక్కుని రాత్రి తిరిగే పిట్ట. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీవాళ్ల కోసం లంకమల దగ్గర ఒక స్థానిక వేటగాడు రాత్రిపూట లైటు వెలుగులో దాన్ని పట్టి చూపించాడు. చదువుకున్నవాళ్లకు ఎనభై ఏళ్లు పైగా లేని పిట్ట, రాత్రి తిరిగేవాడికి ఎప్పుడూ ఉంది. అలాగని మీరు టార్చి పట్టుకుని బయల్దేరకండి. గుడ్లగూబ కళ్లలోకి లైటు కొడితే దానికి కాసేపు ఏమీ కనపడదు, ఆ పూట వేట పోతుంది.

మీ ఆదివారాల సంగతికి వద్దాం. మొదటి ఆదివారం ఎక్కడికీ పోకండి. ఇంటి మేడ మీద ఏడు నుంచి ఏడుంపావు వరకు, మళ్లీ సాయంత్రం నాలుగున్నరకు ఒక పావుగంట నిలబడి, ఏ పిట్ట ఏ టైమ్‌కు ఏం చేస్తోందో రాసుకోండి. పేరు తెలియకపోతే ‘తోక పొడుగుది’ అని రాసినా చాలు. టైమ్ మాత్రం తప్పకుండా రాయండి. నా పాత నోటుబుక్కుల్లో పేర్లు సగం తప్పులే, కానీ టైములు రాసుండబట్టే అవి ఏ పిట్టలో తర్వాత పోల్చుకోగలిగాను.

రెండో ఆదివారం మళ్లీ రంభకే వెళ్లండి, మధ్యాహ్నం రెండున్నరకు చేరేలా. భోజనం ఇంట్లోనే చేసి బయల్దేరినా గంటలో చేరిపోతారు. పడవ ఎక్కకండి. ఒడ్డున, ఎండ వీపుకు తగిలేలా, ఒకచోట కూర్చోండి. మోచేతులు మోకాళ్ల మీద ఆనిస్తే బైనాక్యులర్ ఊగదు. నాలుగున్నర దాకా చూసి, తర్వాత పాప చేతికివ్వండి. పొద్దుగూకాక మరో పావుగంట ఆగితే బాతులు మేతకు లేవడం కనపడుతుంది, ఆకాశం ఇంకా కొంచెం ఎర్రగా ఉండగానే. అప్పుడు లెక్క పెట్టాలని చూడకండి, రెక్కల చప్పుడు వినండి.

ఇంకా ఓపికుంటే మూడోసారి మంగళాజోడి. టాంగీ దగ్గర, బరంపురం నుంచి నూట పది కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఒకప్పుడు పిట్టల్ని వేటాడి అమ్మిన ఊరు అది. ఆ వేటగాళ్లే ఇప్పుడు కాపలాదారులు, గైడ్లు. మోటారు లేకుండా గడకర్రతో తోసే పడవలో రెల్లు మధ్య సందుల్లోంచి తీసుకెళ్తారు. చప్పుడుండదు కాబట్టి గాడ్‌విట్లు, నీటికోళ్లు నాలుగు బారల దూరంలో కూడా వాటి పని అవి చేసుకుంటుంటాయి. అక్కడ నీళ్లు లోతు లేనివి, నడిచి మేసే పిట్టలెక్కువ, అందుకే పొద్దున బాగుంటుంది. దానికి మాత్రం ఇంట్లోంచి నాలుగింటికి బయల్దేరాలి, లేదా ముందు రోజు రాత్రి అక్కడే ఉండాలి. ఆ ఒక్కసారి కోసం పొద్దున్నే లేవడానికి పాపే మిమ్మల్ని లేపుతుందేమో చూడండి. లేవలేకపోతే మూడింటి పడవ అడగండి, చలికాలంలో అదీ తీసిపారేసేది కాదు. పడవ కట్టినవాడికి ముందే చెప్పండి, వెళ్లేటప్పుడు ఎండ వీపు వైపు ఉండే దారిలో తీసుకెళ్లమని. వాళ్లకు తెలుసు, అడిగినవాళ్లకు చేస్తారు.